నలభై ఒకటోది

కొంటాలో రాజేశ్వరరావు మాస్టారి ఇంటి ముందుగది. సాయంత్రం ఆయన బడి నుంచి వచ్చేసరికి మెకానిక్ భూషణం యాంప్లిఫయర్ ముందు కూర్చుని ఉన్నాడు. వినికిడి తగ్గిన ఆయన భార్య రామసుబ్బమ్మ పక్కనే కుర్చీలో ఉంది.

“మీ బిడ్డ ప్రశాంతి ఎక్కిన పడవ వాగుల మునిగిన రోజు దాకా మంచిగనే మోగిందంట గదా గురూజీ. ఆ తర్వాత్నే ఈ ఆగుడు మొదలైందంట. అమ్మ చెప్తాంది.”

“నువ్వెప్పుడు వచ్చావు, భూషణం?”

“గంటాయె. అమ్మ ఎదురింటి దేవేతోని ఫోన్ చేయించింది. మీకు తెల్వదా?”

“తెలియదు. చెప్పి ఉంటే నేనే దుకాణానికి తెచ్చేవాణ్ణి.”

“తెచ్చిండ్రు గదా రెండుసార్లు. నా దగ్గర మూడు గంటలు మోగింది, ఒక్కసారన్న ఆగలే. ఇంటికొస్తే అరగంట ఉండదాయె. అత్తగారింట్ల అల్లుడి లెక్క నా దగ్గర బుద్ధిగ ఉంటాంది. అందుకే ఇక్కడ్నే చూద్దామని వచ్చిన.”

“ఏమంటున్నాడండీ?”

“ఏమీ లేదు. చూస్తున్నాడు.”

“గట్టిగా చెప్పండి.”

“చూస్తున్నాడు అంటున్నాను.”

“ఇంట్ల వోల్టేజ్ చూసిన గురూజీ, రెండొందల పది ఉంది. దానికేం కాదు. స్పీకర్ వైర్లు కూడ ఊడదీసి చూసిన. ఒక్క పోగు పక్కదానికి తాకినా ఇది బంద్ అయితది. ఎవరు బిగించిండ్రో గానీ, మా షాపోళ్ళ కన్న శుభ్రంగ ఉంది.”

“ప్రశాంతి బిగించింది.”

“అట్లనా.”

“నర్సు ఉద్యోగంలో మొదటి జీతంతో తెచ్చింది. వాళ్ళమ్మకు ఫోన్‌లో వినపడదని. దోర్నపాల్ నుంచి నా ఫోన్‌కు మాటల మెసేజ్‌లు పంపేది. నేను దీనికి కలిపి వినిపించేవాణ్ణి. గది నిండా వినపడేది.”

“ఇప్పుడు పెట్టేది అవేనా?”

“అవే. నలభై ఒకటి. బజారులో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చారు.”

“సౌండ్ ఎంత పెడ్తరు?”

“ఆమెకు వినపడాలి కదా. చివరి దాకా తిప్పుతాను.”

“ఎక్కడ ఆగుతది?”

“ఒకరోజు ముప్పై నాలుగో దాని దగ్గర. ఒకరోజు ముప్పై ఆరు. నిన్న ముప్పై అయిదు.”

“మరి జెర సల్లారినంక ఆగిన కాడికెల్లి పెట్టుకోవచ్చు గదా. రిమోట్ మీద నంబర్ నొక్కితే అయిపాయె.”

“ఆవిడ ఒప్పుకోదు. పారాయణం చేసినట్టు వింటుంది. మధ్యలో ఆగిందంటే ఆ రోజుకు అంతే. మర్నాడు సాయంత్రం దీపం పెట్టి మళ్ళీ ఒకటి నుంచి.”

“అంటే ఇన్ని రోజులల్ల ఒక్కసారన్న ఆఖరి దాకా...”

“రాలేదు.”

“ఎన్ని రోజులు?”

“ఇవాళ్టికి డెబ్బై రెండు.”

“భూషణం, నీకు చెప్పారా నాయనా? చివరిది ఆ రోజు పొద్దున పంపిందట. మిగతావన్నీ అది ఉన్నప్పుడు విన్నవే, నాకు నోటికి వచ్చేశాయి. అయిదో దాంట్లో గీదంలో బస్సు చెడిపోయిందంటుంది. పదకొండో దాంట్లో వంకాయకూర మాడబెట్టి నవ్వుతుంది. ఆ చివరిదొక్కటే వినలేదు. ఎట్లాగైనా బాగుచెయ్యి.”

“చేస్తనమ్మా. చేస్త.”

“ఏమిటి?”

“చేస్తానంటున్నాడు.”

“గురూజీ, తప్పనుకోకుండ్రి. ఆ చివరిది మీ ఫోన్‌కే వచ్చింది గదా. ఏముందో మీరే అమ్మకు చెప్పొచ్చు గదా?”

“స్టెబిలైజర్ మార్చమంటావా?”

“నేనడిగింది అది కాదు.”

“సౌండ్ కొంచెం తగ్గించి చూద్దామా?”

“వద్దులెండి. ఇది వేడికే ఆగుతాంది. ఇందాక నా ఫోన్ల పాటలు పెట్టి చూసిన, ఇరవై నిమిషాలకు బంద్ అయింది. పైన చెయ్యి పెడితే కాలుతాంది. వెనక చిన్న ఫ్యాన్ ఉంటది. అది తిరగకపోతే లోపలి వేడి బయటికి పోదు. కాలిపోకుండ తనంత తానే ఆగిపోతది. ఇటు తిప్పుత, జెర టార్చ్ పట్టుండ్రి.”

“ముందు టీ తాగు.”

“తాగిన. అమ్మ ఇచ్చింది.”

“కరెంటు పోయే వేళ. రేపు చూద్దువుగాని.”

“రెండు నిమిషాల పని గురూజీ.”

“భూషణం, రేపు నేనే తెస్తానన్నాను కదా.”

“పట్టుండ్రి, కొంచెం కిందికి... ఇగో, తిరుగుతలేదు చూడుండ్రి. నేననుకున్నదే. రెక్కల నడుమ ఏందో ఉంది. ఆగుండ్రి, వస్తాంది. ఏంది ఇది... చాక్‌పీస్.”

“ఎలుకలేమో. బడి సంచీ అక్కడే పెడతాను.”

“ఎలుక చాక్‌పీస్‌ను కొలత పెట్టి విరవదు గురూజీ. జాలీ సందుల నుంచి దూరి, రెక్కల నడుమ సరిగ్గ పట్టేటట్టు విరిచి ఉంది. మొన్న షాపుల కూడ రెక్కల మీద తెల్లటి పొడి చూసిన. మీ గోడ సున్నం అనుకున్న.”

“టార్చ్ ఆపనా?”

“నా దగ్గరికి తెచ్చేటప్పుడు తీసేసేటోళ్ళు.”

“తీసేసేవాణ్ణి.”

“ఇంటికి వచ్చినంక మళ్ల పెట్టేటోళ్ళు.”

“అవును.”

“ఏమండీ, దొరికిందా? ఏమంటున్నాడు?”

“ఏం చెప్పమంటరు గురూజీ?”

“నీకు తోచింది చెప్పు.”

“దొరికిందమ్మా. ఫ్యాన్ల చెత్త పడ్డది. తీసేసిన. ఇంక ఆగదు.”

“ఏమిటన్నాడు?”

“ఇంక ఆగదట.”

“ఆగదా. చివరి దాకా వస్తుందా? అయితే ఉండండి, దీపం పెట్టి వస్తాను. నేను వచ్చేదాకా పెట్టకండి. నువ్వూ ఉండు నాయనా.”

“పోయింది గురూజీ. ఇప్పుడు చెప్పుండ్రి. అయిదో తరగతిల ఒక్క అబద్ధమాడితే నన్ను పొద్దుగూకే దాకా బెంచి మీద నిలబెట్టిండ్రు.”

“గుర్తుంది.”

“అమ్మ వినొద్దనుకుంటే ఆ ఒక్కటి తుడిపేస్తే అయిపోయేది గదా.”

“అది దాని గొంతు. దాన్ని తుడపడానికి నాకు చెయ్యి రాలేదు. పైగా వాళ్ళమ్మకు లెక్క తెలుసు. పెట్టె మీద అంకె కనిపిస్తుంది కదా, నలభై ఒకటి అని.”

“అమ్మ రోజూ దీపం పెట్టి కూసుంటే, మీరు రోజూ...”

“పది రోజులకోసారి మార్చేవాణ్ణి. అరిగి రాలిపోయేది.”

“ఏముంది దాంట్లో అసలు?”

“ఆ రోజు ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. మెసేజ్ వచ్చిన చప్పుడైంది. దాని పేరు చూశాను. క్లాసులో ఫోన్ చప్పుడైతే పిల్లల దగ్గర లాక్కునేవాణ్ణి, వాళ్ళ ముందు నేనెలా వింటాను? సొరుగులో పెట్టేశాను. గంట కొట్టాక విందామనుకున్నాను. గంట కొట్టాక ఆరో తరగతికి వెళ్ళాను.”

“మరి ఎప్పుడు విన్నరు?”

“మా బడి బంట్రోతు పొజ్జా పరుగెత్తుకుంటూ వచ్చి, పడవ మునిగిందని చెప్పాక.”

“మీరేం చేస్తరు గురూజీ. వాగు మీ చేతుల ఉన్నదా?”

“అందరూ అదే అన్నారు. వాళ్ళెవరూ అది వినలేదు.”

“అమ్మ వస్తాంది. ఇగో చాక్‌పీస్. మళ్ల పెడ్తరో, జేబుల వేసుకుంటరో మీ ఇష్టం. నేనేం చూడలే.”

“నీ దగ్గరే ఉంచు.”

“అయితే ఆమె కన్న ముందు ఎవరికన్న ఒకరికి చెప్పుండ్రి. నాకు చెప్పుండ్రి.”

“ఇరవై సెకన్లు కూడా ఉండదు. ‘నాన్నా, వాగు పొంగింది. అవతల ఊళ్ళో పిల్లలు టీకాల కోసం చూస్తున్నారట. పడవతను ఎక్కమంటున్నాడు. ఎక్కనా, వెనక్కి వచ్చెయ్యనా? నువ్వు చెప్పేదాకా ఒడ్డునే ఉంటాను.’”

“ఉన్నదా?”

“నలభై నిమిషాలు ఉందట. ఒడ్డున మేకలు కాస్తున్న సుక్కా చెప్పాడు. మాటిమాటికీ ఫోన్ చూసుకుందట.”

“గురూజీ...”

“వచ్చానండీ. దీపం పెట్టాను. ఇంకా మొదలుపెట్టలేదు కదా?”

“లేదు. నువ్వు కూర్చో. భూషణం, ఒకటి నుంచి పెట్టు. సౌండ్ పూర్తిగా తిప్పు, ఆమెకు అన్నీ వినపడాలి.”

“నలభై ఒకటోది కూడనా?”

“అదీ వినపడాలి. దానికి నేనింకా జవాబు చెప్పలేదు.”