రవీందర్ కురిపించిన వాన

గచ్చిబౌలిలో ఓ పద్నాలుగు అంతస్తుల కంపెనీ గేటు ఎదురుగా సత్తెమ్మ టీ బండి. పైన మబ్బు కమ్ముకుని మూడు రోజులైంది, చినుకు లేదు, ఒకటే ఉక్కపోత. స్టూలు మీద యజ్ఞనారాయణ నోట్‌బుక్కు తెరిచి కూర్చున్నాడు. హెడ్ ఆఫీసు నుంచి వచ్చిన మనిషి. ఈ బిల్డింగులో ఏసీల నుంచి కారే నీళ్లు పట్టి మొక్కలకూ బాత్రూములకూ వాడుతున్నారు గదా, ఆ ఏర్పాటు చేసిందెవరో కనుక్కుని ఒక్క పేరు రాసుకుపోవాలి. ఆ మనిషికి రేపు హాల్లో సన్మానం, కొత్త పర్యావరణం టీములో పర్మనెంటు ఉద్యోగం.

బిల్డింగు సూపర్‌వైజర్ రవీందర్ ఇంకా కాంట్రాక్టే. బెంచీ చివర గ్లాసు ఊదుకుంటున్న ఏసీ మెకానిక్ నాగేశ్వరీ కాంట్రాక్టే. కాకపోతే రవీందర్‌కు నోరుంది.

"రాస్కోండ్రి సార్. నేను పెద్దగ ఏం జెయ్యలే, ఒక్క బకీట్ పెట్టిన, గంతే. పోయినేడు ఏసీ పైపులకెల్లి చుక్క చుక్క నీళ్లు కారుతున్నయ్, అందరు చూస్తున్నరు, అందరు దాటి పోతున్నరు, నేనొక్కన్నే నిలబడ్డ. గాలిల తేమంత ఏసీ పిండుతుంటె మనం మోరీల పోస్తున్నమేందిరా, ఇంకో దిక్కు ట్యాంకర్ కోసం సెక్యూరిటోల్లు రోడ్డు మీద చేతులూపుతున్నరు, ఇదేం అన్యాయం అనుకున్న. బకీట్ పెట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"నిండిందా అండి?"

"గంటల నిండింది! డ్రమ్ము పెట్టిన, అర్ధగంట. సింటెక్స్ ట్యాంకు పెట్టిన, నేను మూత తీస్కొచ్చే లోపట నిండింది. ఇగ మొత్తం పద్నాలుగు అంతస్తులకు పైపులేసిన, ఒక్కన్నే, ఆదివారం ఒక్కరోజుల. నిచ్చెన గూడ లేదు సార్, లిఫ్టుల పోయి కిటికీలకెల్లి వంగి ఏసిన."

"ఆదివారం లిఫ్టు బందుంటది గద?" అంది సత్తెమ్మ, అల్లం దంచుతూ.

"నా కోసం నడిపిచ్చిన్రు. నువ్వు జర చాయ్ మీద ధ్యానం పెట్టు. సార్, ట్యాంకర్లు బంద్ అయినయ్. ట్యాంకరోల్లు పరేషాన్, పూలదండ పట్టుకొని నా దగ్గరికొచ్చిన్రు. అన్నా, మా పొట్ట మీద కొట్టినవ్ అని ఒకటే ఏడుపు. నాకు జాలి మనసు సార్, గదొక్కటే నా రోగం. ఖాళీ ట్యాంకర్ పట్కరాండ్రి, నింపి పంపిస్త అన్న. అప్పటిసంది వాళ్లు ఖాళీగొచ్చి నిండుగ పోతున్నరు. సగం గచ్చిబౌలి మా ఏసీ నీళ్లే తాగుతున్నది, పైకి చెప్పుకోరు గంతే."

యజ్ఞనారాయణ పెన్ను ఆగకుండా రాస్తోంది. "నాలుగో విషయం, ట్యాంకర్లు," అన్నాడు. "తర్వాతండి?"

"తర్వాతనా? నీళ్లు ఎక్కువైనయ్. పార్కింగు ఎనక చెరువు తయారైంది. చెరువైతె చాపలు రావా? వచ్చినయ్. ఒక్కొక్క కొర్రమీను నా తొడంత. మేనేజర్లు మీటింగులు ఎగ్గొట్టి గాలం ఏస్కొని కూసునుడు షురూ చేసిన్రు."

"మొన్న ఒక్క చాప తెచ్చియ్యమంటె, సెలవుల మీద పోయినయ్ అంటివి," అంది సత్తెమ్మ.

"గుడ్లు పెట్టే టైం సత్తెమ్మా, అప్పుడు పట్టొద్దు, పాపం. చెరువైనంక సార్, చల్లగాలి లేచింది. గీడికెల్లి హఫీజ్‌పేట్ దాక చల్లదనమే. నడి మే నెలల ఆడోల్లు స్వెట్టర్లు తీసిన్రు. ఆఫీసుల ఏసీలు బంద్ పెట్టిన్రు."

"ఏసీలు బందైతే మరి నీళ్లెక్కడివండి?"

రవీందర్ ఒక్క గుటక టీ తాగాడు. "గదే గద సార్ ఇచిత్రం! అలవాటైనయ్. బంద్ పెట్టినా కారుతనే ఉన్నయ్."

నాగేశ్వరి టీ గొంతుకు అడ్డం పడి దగ్గింది. మళ్లీ గ్లాసులోకే చూసింది. పై అధికారి మాట్లాడుతున్నాడాయె.

"ఇగ అసలు ముచ్చట. ఇన్ని నీళ్లు ఉంటె మబ్బులు ఊకుంటయా? గిదో, మీదున్న మబ్బు చూస్తున్నరు గదా, ఎవ్వలిది అనుకున్నరు? నాదే."

"మూడు దినాలాయె. పడ్తలేదేంది మరి?" సత్తెమ్మ అడిగింది.

"నేను పడమన్లే. రేపు సన్మానం గద, పెద్దసార్లు అందరొస్తరు, సరిగ్గ నా పేరు పిలిచే టైముకు కురిపిస్త. అవసరమైతె హాల్ లోపల్నే కురిపిస్త. రాస్కోండ్రి సార్."

"పదకొండో విషయం. హాల్లో వాన." యజ్ఞనారాయణ రాశాడు. ఆ మొహంలో నమ్మాడో లేదో ఆనవాలు లేదు. "పైపుల ఫోటో ఒకటి కావాలండి, పేరు పక్కన పెట్టాలి."

"ఫికర్ జెయ్యకుండ్రి, పొద్దుగాల్నే సాఫ్ జేసిన! రెండో అంతస్తుల హాల్ మీది ఏసీ మిషన్ ఉన్నది గద, దాని పైపు కిందికి వంగి మల్ల మీదికి లేస్తది, చూస్తెనే వాంతొచ్చేటట్టు. కోసి అవతల పడేసిన. గీత గీసినట్టు సీదా పైపు ఏసిన, నా చేతుల్తోని."

"ఆ వంపు ఎందుకు పెట్టుంటారండి?"

"ఎందుకేంది సార్. పైపు ఎక్కువైతె మలిచిండు, ఎవడో తెలివి తక్కువోడు."

నాగేశ్వరి గ్లాసు కింద పెట్టింది.

"ఆ తెలివి తక్కువదాన్ని నేనే సార్," అంది. "ఆ మిషన్‌ల ఫ్యాను గాలిని లోపటికి గుంజుతది. వంపుల కొన్ని నీళ్లు నిలిస్తెనే పైపుల గాలి ఆగుతది, మిగిలిన నీళ్లు కిందికి దిగుతయ్. గది తెలుసుకునెటందుకు పోయినేడు నాలుగుసార్లు కోసి అతికిన, నాలుగుసార్లు తిట్లు తిన్న. వంపు లేకుంటె ఒక్క చుక్క దిగదు, మిషన్ కింది తట్టల్నే నిండి పొర్లుతది. పొద్దుగాల ఎన్నింటికి కోసిన్రు సార్?"

"తొమ్మిదింటికి," అన్నాడు రవీందర్.

"గింత ఉక్కపోతల! ఇప్పుడు నాలుగున్నర!" నాగేశ్వరి పానాల సంచీ భుజాన వేసుకుని లేచింది.

"మీరు కూర్చోండమ్మా, ఈ ఏర్పాటంతా మీరే చేశారా?" యజ్ఞనారాయణ తొందరగా అడిగాడు.

"ముందు ఫ్యాను బంద్ చెయ్యనీయుండ్రి సార్!" అప్పటికే రోడ్డు దాటుతోంది.

రవీందర్ జేబులో ఫోన్ మోగింది. కంగారులో ఏం నొక్కాడో ఏమో, సెక్యూరిటీ గొంతు బండి చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినిపించింది. "సార్! హాల్‌ల వాన పడ్తున్నది సార్! రేపటి బ్యానరు, పెద్దసారు కుర్చీ, అన్ని నానినయ్! జల్దీ రాండ్రి!"

యజ్ఞనారాయణ పేజీ మొదటికి తిప్పి ఒకటి నుంచి పది దాకా కొట్టేశాడు. పదకొండు దగ్గర ఆగి, పక్కన టిక్కు పెట్టాడు.

"ఇదొక్కటి నిజమేనండి, మీరన్నట్టే కురిపించారు," అన్నాడు. "సత్తెమ్మగారూ, ఆ అమ్మాయి పేరేంటండి?"

"నాగేశ్వరి. బోరబండ. పెద్ద అక్షరాల్ల రాయి సారూ."

"సార్, మరి నా పేరు?" అన్నాడు రవీందర్.

సత్తెమ్మ బండి కిందికి వంగి, తన పాత గొడుగు తీసి అతని చేతిలో పెట్టింది.

"జల్దీ పో. నీ వాననే గద, నువ్వే తడిస్తె మంచిగుండదు."