ఉప్పు తగినంత

ఒంగోలు పుస్తకాల ప్రదర్శన. వంట పుస్తకాల బల్లకి ఇవతల రాజరాజేశ్వరి, ఆవిడ కోడలు రాగసుధ. అవతల పుస్తకాలమ్మే రసూల్.

“ఇది కూడా వద్దు.”

“అదేంటి అత్తయ్యా, ఇప్పుడేగా తీశారు! రెండు పేజీలన్నా తిప్పలేదు.”

“రెండు పేజీలు చాల్లే. ఇక్కడ చూడు. వంకాయ కూర. ‘ఉప్పు తగినంత.’ కింద దొండకాయ. ‘ఉప్పు తగినంత, కారం తగినంత.’ ఎవరికి తగినంత? రాసినావిడకా, వండేవాళ్ళకా?”

“అన్ని పుస్తకాల్లోనూ అలాగే రాస్తారమ్మగారూ. ఉప్పూ కారం ఎవరిష్టం వాళ్ళది కదండీ.”

“వంటొచ్చినవాళ్ళకి నాయనా, ఎవరిష్టం వాళ్ళది. రానివాళ్ళ సంగతేంటి?”

“నాకు వంట రాదని మైకు తీసుకుని చెప్పండి అత్తయ్యా. అదిగో, స్టేజీ ఖాళీగానే ఉంది.”

“ఎందుకు రాదూ? నాకు ఫోన్ చేసి అడిగితే బ్రహ్మాండంగా వచ్చు.”

“మరింకేం? పుస్తకమెందుకు? అక్కణ్ణుంచీ ఫోన్ చేసి అడుగుతా.”

“నీ పేరేంటన్నావు బాబూ?”

“రసూల్ అండి. చీరాల మాది.”

“రసూలూ, పాలు, పెరుగు, నెయ్యి, ఏవీ లేని వంటలు కావాలి. శాకాహారమే, కానీ పాలచుక్క కూడా ఉండకూడదు. అలాంటివున్నాయా?”

“వీగన్ అంటారండీ. ఈమధ్య బాగా అడుగుతున్నారు. మీకేనాండీ? డాక్టరుగారు మానెయ్యమన్నారా?”

“నాకు కాదు. ఈ అమ్మాయికి. వచ్చే నెల్లో పెళ్ళి. పెళ్ళికొడుకు భార్గవ పాలు ముట్టడు.”

“అబ్బ, శుభం! మేనకోడలాండీ? అత్తయ్యా అంటుంటేనూ...”

“మేనకోడలు కాదు. కోడలే.”

“కోడలంటే... మరి మీ అబ్బాయిగారు...”

“లేడు. మూడేళ్ళయింది. చీమకుర్తి రోడ్లో. రాళ్ళ లారీ.”

“అయ్యో. తెలీక అడిగానమ్మగారూ. ఏమనుకోకండి.”

“నీకెలా తెలుస్తుంది నాయనా. పుస్తకాలు తియ్యి.”

“అత్తయ్యా, వెళ్దాం పదండి. మావయ్యగారు ఎండలో స్కూటర్ దగ్గర నుంచున్నారు.”

“నుంచోనీ. లోపలికి రమ్మంటే, వంట పుస్తకాల దగ్గర నాకేం పని అన్నారు. ఇంటి దగ్గర నుంచోట్లేదా, వంటయ్యేదాకా?”

“ఇదిగోనండి, ఇది చూడండి. అన్నీ రంగుల బొమ్మలే. మైసూరు, బెంగళూరు వైపు బాగా పోతోందట.”

“చూశావా సుధా, మైసూరే అంటున్నాడు. నువ్వు కాపురానికెళ్ళేది అక్కడికేగా, నీకు సరిపోతుంది. ఏదీ... అవకాడో. ఇదేంటిది, పచ్చగా?”

“పండు అత్తయ్యా.”

“టోఫూ. క్వినోవా. ఓట్ పాలు. రసూలూ, ఇందులో తిండి ఏ పేజీలో ఉంది?”

“హహ! అదంతా తిండేనండి.”

“ఈ పిల్ల పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి? పప్పెలా వండాలి? కందిపొడిలోకి నెయ్యి లేకపోతే ఏం పోసుకోవాలి? అవి కావాలి నాకు. బొమ్మలు కాదు.”

“నువ్వులనూనె పోసుకుంటారు అత్తయ్యా. మొన్నే చెప్పారుగా.”

“నేను చెప్పడం కాదు. పుస్తకంలో ఉండాలి.”

“మీరు చెబితే ఏం?”

“ఈ రెండోది ఇవ్వు బాబూ. ఇది కాస్త తెలుగు వంటల్లా ఉంది... అయ్యయ్యో! ‘కారం, నాలుగు పెద్ద చెంచాలు.’ పావుకిలో బెండకాయలకి! ఎక్కడిదమ్మా ఈవిడ?”

“హైదరాబాదులో అచ్చేశారండి.”

“కొట్లో అమ్మే చప్పటి డబ్బా కారంతో రాసుంటుంది. మన కారం నాలుగు చెంచాలు వేస్తే ఆ అబ్బాయి పెళ్ళి సంగతి మర్చిపోయి పరుగెత్తుకెళ్ళి చెరువులో దూకుతాడు.”

“మైసూర్లో మన కారం ఎక్కడ దొరుకుతుంది అత్తయ్యా?”

“నేను కట్టిస్తున్నాగా. గుంటూరునించి తెప్పించాను, ఏడాదికి సరిపడా. ఆడించి, జాడీలో పెట్టాను. అర చెంచా. కూర ఏదైనా అర చెంచా దాటకు.”

“ఏడాదికెందుకూ? అయిపోయినప్పుడల్లా ఫోన్ చేస్తా. పార్శిల్ వేద్దురుగాని.”

“రసూలూ, పెరుగు. పాలు లేకుండా పెరుగు తోడుపెట్టడం ఏ పుస్తకంలో ఉందయ్యా?”

“పాల్లేకుండా పెరుగేంటండీ!”

“ఉంటుంది. వేరుశనగ గుళ్ళు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరపకాయ తొడిమలు వెయ్యాలి. తొడిమలతోనే తోడుకుంటుంది.”

“తొడిమలా! మా ఊరి ఆడవాళ్ళు సీజనంతా గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీస్తారండి. గుట్టలు గుట్టలు పారబోస్తారు. ఎండువనుకోండి. పెరుగు తోడుకుంటుందని తెలిస్తే గేదెల్ని అమ్మేసేవాళ్ళే.”

“అత్తయ్యా, ఒక్క నిమిషం. వంటింట్లో గూట్లో మూతపెట్టిన గిన్నె... తొడిమలు తేలుతూ...”

“అదే.”

“అది పెరుగా! నేనేదో దిష్టి తీసి పెట్టారనుకుని ముట్టుకోలేదు.”

“మొదటిసారి విరిగింది. తర్వాత జిగురొచ్చింది. దాని తర్వాతది వాసన. మొన్న సోమవారం కుదిరింది. మీ మావయ్యకి వేశా. ఏం మాట్లాడకుండా తిన్నారు.”

“బాగుందనా?”

“ఆయన ఏం మాట్లాడకుండా తింటే బాగాలేదని.”

“నాకోసం ఇన్నిసార్లు చేశారా?”

“చేసి చూడకుండా నీకెలా చెప్పను? ఆ అబ్బాయి గోశాలకి వెళ్తే, దూడని లాగేసి పాలు పిండుకోవడం చూశాట్ట. అప్పట్నుంచీ మానేశాట్ట. దయగల పిల్లాడు. అన్నం చివర ఇంత పెరుగులాంటిదైనా ఉండాలిగా.”

“నాకక్కర్లేదు అత్తయ్యా, పెరుగు.”

“నీకు అక్కర్లేకపోవడమేంటి? పెరుగు లేకపోతే అన్నం తిన్నట్టుండదు నీకు.”

“నాక్కాదు. మీ అబ్బాయికి. కౌశిక్‌కి.”



“అమ్మగారూ, కుర్చీ తెస్తాను, కూర్చోండి.”

“వద్దు నాయనా, బానే ఉన్నా. ఇంకో పుస్తకం ఉంటే తీయ్.”

“లోపల కట్టలో ఒకటుండాలండి. మా ఇంటావిడ జైనాబీ తీసి పక్కన పెట్టింది. అందులో చూసి సొరకాయ పులుసు చేసింది. మటన్ ఏదే అని నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు. రెండ్రోజులు ఇంట్లో ప్రశాంతంగా ఉందండి. ఉండండి, తెస్తా.”

“సుధా.”

“ఊఁ.”

“వాడి పేరెత్తావు. ఈ నెల్లో ఇదే మొదటిసారి.”

“మీరు ఎత్తట్లేదని నేనూ ఎత్తట్లేదు.”

“నువ్వు వెళ్ళే పిల్లవి కదాని నేనెత్తట్లేదు.”

“గుంటూర్లో మేమున్న ఇల్లు ఖాళీ చెయ్యడానికి వెళ్ళాను గుర్తుందా? కర్మలన్నీ అయ్యాక. అక్కణ్ణుంచి మీకు ఫోన్ చేశాను.”

“చేశావు. ఫ్రిజ్‌లో గిన్నెడు పెరుగుంది, ఏం చెయ్యను అత్తయ్యా అన్నావు.”

“కౌశిక్ తోడుపెట్టిన పెరుగది. ఆ రోజు పొద్దున వెళ్తూ వెళ్తూ. నేను పెడితే పుల్లగా అవుతుందని తనే పెట్టేవాడు.”

“పారబొయ్యమన్నాను.”

“పారబొయ్యలేదు. పైన నీళ్ళు తేలి, పులిసి, వాసనేస్తోంది. నేల మీద కూర్చుని మొత్తం తిన్నాను.”

“పిచ్చిదానా. చెప్పలేదే నాకు!”

“చెబితే మీరు బస్సెక్కి వచ్చేసేవారు. ఆ తర్వాత నోట పెట్టలేదు అత్తయ్యా. మీ ఇంట్లో మూడేళ్ళూ మజ్జిగ కలుపుకున్నట్టు చేసి, గిన్నె సింకులో ఒంపేసేదాన్ని. ఈ సంబంధం గురించి అన్నయ్య చెప్పినప్పుడు ఇంకేం వినలేదు. ఆ ఇంట్లో పెరుగుండదు అన్నాడు. అది విన్నాను.”

“నేను చూడలేదు. మూడేళ్ళు పక్కనే కూర్చుని తిన్నాను, చూడలేదు.”

“మీరు కంచంలోకి చూసి తినేవారు. తల ఎత్తేవారు కాదు.”

“ఇదిగోనండీ, దొరికింది! పాతదే, అట్ట కొంచెం చిరిగింది. కానీ లెక్కలన్నీ రాసుంటాయి చూడండి.”

“ఏదీ, ఇలా ఇవ్వు. ‘కందిపప్పు ఒక గ్లాసు, నీళ్ళు మూడు గ్లాసులు. ఉప్పు చెంచాలో ముప్పాతిక.’ హమ్మయ్య. ముప్పాతిక అంది. ‘వేళ్ళ మధ్య నొక్కితే పలుకు తగలకపోతే ఉడికినట్టు.’ చూశావా, సుధా? ఇదేగా నువ్వు మొదట్లో అడిగింది? పప్పు ఉడికిందని ఎలా తెలుస్తుంది అత్తయ్యా అని.”

“మీరు పూజలో ఉండి, గంట వాయిస్తూ చెప్పారు. కౌశిక్ స్పీకర్లో పెట్టి నవ్వాడు.”

“‘తిరగమోత మాడితే ఏం చెయ్యాలి.’ ఇది కూడా ఉంది. ‘ఉప్పెక్కువైతే.’ ‘పులుసు పల్చనైతే.’ మజ్జిగపులుసు కొబ్బరిపాలతో. ఇదీ పుస్తకమంటే. ఇందులో అన్నీ ఉన్నాయి. ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.”

“ప్యాక్ చెయ్యమంటారా అమ్మగారూ?”

“చెయ్యి బాబూ.”

“వద్దండి. ఆగండి. అత్తయ్యా, ఎందుకిదంతా? పొద్దున్నించీ చూస్తున్నా. ఫోన్ అంటే మాట తప్పిస్తున్నారు. కారం అంటే ఏడాదికి కట్టానంటారు. ఎవర్నీ అడగక్కర్లేదంటే ఏంటి? నాకు అమ్మ లేదు. పదోక్లాసులో పోయింది. నాకేం వచ్చినా మీరు ఫోన్లో చెప్పిందే. గుళ్ళో ఉన్నా ఎత్తారు. జ్వరంలో ఉన్నా ఎత్తారు.”

“ఇప్పుడు నాకు చెవులు సరిగ్గా...”

“మీ చెవులకేం కాలేదు. పక్కింటివాళ్ళ కుక్కర్ కూతలు ఇక్కణ్ణుంచి లెక్కపెడతారు.”

“పెద్దదాన్నవుతున్నా, ఎన్నాళ్ళుంటానో...”

“మీరెత్తకపోతే మావయ్యకి చేస్తా.”

“ఆయన కూడా ఎత్తరు.”

“అంటే?”

“రసూలూ, అటెవరో పిల్చారు, చూడు నాయనా.”

“ఎవరూ పిలవ... ఆఁ, అవునండి, పిలుస్తున్నారు. చూసొస్తా. పుస్తకం దగ్గరుంచుకోండి.”

“అంటే ఏంటి అత్తయ్యా? మీరూ ఎత్తరు, మావయ్యా ఎత్తరు. అంటే ఏంటి?”

“అంటే ఏముంది. నువ్వు ఫోన్ చేస్తే నేనెత్తను. ఎత్తనని మాటిచ్చాను.”

“ఎవరికి?”

“భార్గవ వాళ్ళమ్మకి. చెడ్డావిడ కాదు సుధా. నిన్ను బాగా చూసుకుంటుంది, నాకు తెలుసు. ఒక్కటే అడిగింది. ‘పాత ఇంటితో రోజూ మాట్లాడుతూ ఉంటే పిల్ల కొత్త ఇంట్లో కుదురుకోదండీ, మా వాడికీ మనసులో ఉంటుంది, మీరే తెంపెయ్యాలి’ అంది. ఫోను వద్దు, రాకపోకలు వద్దు. నాకూ తప్పనిపించలేదు. నేను నీ చెవిలో ఉన్నన్నాళ్ళూ వాడూ ఉంటాడు.”

“ఎప్పుడడిగారు?”

“తాంబూలాలనాడు. మీరంతా హాల్లో ఉంటే వంటింట్లోకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని అడిగింది.”

“మీరు సరేనన్నారా?”

“అన్నాను. పిల్లకి మాత్రం చెప్పొద్దన్నాను. దానికి తెలిస్తే ఈ పెళ్ళే వద్దంటుంది, నన్ను వదిలి రాదు, తెలీకుండానే కానివ్వండి అన్నాను. నువ్వు నాలుగుసార్లు చేస్తావు, నేనెత్తను. అత్తయ్యకి కోపమొచ్చిందనుకుంటావు. ఇంకో నాలుగుసార్లు చేస్తావు. తర్వాత పుస్తకం తీస్తావు. అంతే అనుకున్నా. అందుకే మంచి పుస్తకం కావాలని... తిట్టవే. తిట్టినా పడతాను.”

“అత్తయ్యా...”

“పెళ్ళి వద్దని మాత్రం అనకు. ముప్పై ఏళ్ళు నిండలేదు నీకు. నా మీద ఒట్టు, అనకు.”

“అనను.”

“నన్ను ఊరుకోబెట్టడానికి కాదు. నిజంగా చెప్పు. అనవుగా?”

“అనను అత్తయ్యా. ఫోను, రాకపోకలు తెంపెయ్యమని ఆవిడ మీకన్నా ముందు నన్నే అడిగారు, మీరు బాధపడతారని చెప్పలేదు. నేను సరేనన్నాకే తాంబూలాలకొచ్చారు.”