కాలరు కాగితం మీద దొరికిన మాట

నా పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు. వయసు డెబ్బై ఒకటి. దర్జీని. ఐదో తరగతి దాకా చదివాను. నిన్న సాయంత్రం నాలుగింటికి మీరు తీసుకొచ్చి కూర్చోబెట్టిన అమ్మాయి నా కూతురు. ఎవరి బలవంతమూ లేకుండా, సంతోషంతో చెబుతున్నాను. సంతోషంతో అని కూడా రాయండి సార్.

నా కూతురు పెట్టుబడుల కంపెనీలో పనిచేస్తుంది. ఫండులో డబ్బు పెట్టేవాళ్ళు చదివి సంతకం చేయాల్సిన పుస్తకం రాయడం తన పని. రాసిన ప్రతి పేజీ ముందు నాకు వినిపిస్తుంది. నేను మిషను తొక్కుతూ వింటాను. అర్థం కాకపోతే తొక్కడం ఆపుతాను. ఆగిన చోట తను గీత గీసి మళ్ళీ రాస్తుంది. "నాన్నా, నువ్వు ఆగకుండా కుట్టావంటే నేను గెలిచినట్టే" అంటుంది. కిందటేడు మార్చిలో పన్నెండో పేజీకి మిషను నాలుగుసార్లు ఆగింది. ఐదోసారి ఆగలేదు.

పొంగిపోయి, పక్క కొట్లో గడియారాలు బాగుచేసే నా బావమరిదికి చెప్పాను. "నీ మేనకోడలు రాసిందిరా, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉంటుంది. చదువుకుంటే అన్నీ తెలుస్తాయి" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. వాడు అచ్చయిన పుస్తకం చదివాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మేనకోడలు రాసింది తెలియలేదంటే నవ్వుతారని సంతకం పెట్టేశాడు.

కిందటి సోమవారం కంటి ఆపరేషనుకని డబ్బు వెనక్కి అడిగితే, ఐదేళ్ళ దాకా ఇవ్వలేమన్నారు కంపెనీ వాళ్ళు. అర్థం కాకుండా రాసింది మీ మేనకోడలేనని అక్కడి మేనేజరు చెప్పాడట. వాడు నా కొట్టుకొచ్చి, "బావా, నీ కూతురు నా కళ్ళు తీసేసింది" అన్నాడు. అటునుంచి అటే మీ దగ్గరికొచ్చి ఫిర్యాదు ఇచ్చాడు. ఎత్తుకుని పెంచిన మేనమామ సార్.

అచ్చు పుస్తకం తెప్పించి పన్నెండో పేజీ చదివించుకున్నాను. "యూనిట్ల ఉపసంహరణ నిర్దేశిత నిరోధకాలావధికి లోబడి నిర్వాహకుల విచక్షణానుసారం" అంటూ పద్నాలుగు లైన్లకు ఒకటే వాక్యం. నేను విన్నది ఇది కాదు. నేను విన్నది ఇది కాదు.

"మార్చేశారు నాన్నా. రుజువు లేదు. పాత కాగితాలన్నీ నీకే ఇచ్చేశానుగా" అంది నా కూతురు. నిజమే. ఆ కాగితాలతో నేను చొక్కాల నమూనాలు కత్తిరిస్తాను.

ఈరోజు పొద్దున తొమ్మిదీ పదికి ఒకాయన చొక్కా కోసం మేకుకున్న కట్ట దించాను. పదహారు అంగుళాల కాలరు నమూనా మీద నా కూతురి రాత కనబడింది. "ఐదేళ్ళ దాకా మీ డబ్బు వెనక్కి రాదు. మొత్తం పోవచ్చు కూడా. ఈలోపు అవసరం పడేవాళ్ళు ఇందులో పెట్టకండి." పక్కనే ఎర్ర సిరాతో, "ఇంత తేటగా చెబితే ఎవరు కొంటారు? చట్టం భాషలో పొడుగ్గా మార్చాలి" అని మేనేజరు రాత, సంతకం, తేదీ. నా కత్తెర ఆ సంతకానికి గోరంత దూరంలో వెళ్ళింది సార్. గోరంత! కొట్టు మూయకుండా పరుగెత్తుకొచ్చాను. చొక్కా తిరగేసి వేసుకున్నానని మీ కానిస్టేబులు చెప్పేదాకా తెలియలేదు. దర్జీని.

మీరు పిలిపిస్తే వచ్చిన బావమరిది ఆ ముక్కని కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు. "ఇది నాకిచ్చుంటే పెట్టేవాణ్ణి కాదు బావా" అన్నాడు. వెళ్ళి మేనకోడలి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. "మామయ్యా, కళ్ళు తుడుచుకో" అని తనే చెబుతోంది.

కాలరు ముక్క మీకు అప్పగించాను. కేసు అయ్యాక తిరిగి ఇవ్వనక్కర్లేదు, ఇంకోటి కత్తిరించుకుంటాను.

స్టేషను రైటరు గారు ఇదంతా రాసి నాకు చదివి వినిపించారు. "సదరు" అన్నచోట, "యథాతథముగా" అన్నచోట చెయ్యెత్తి ఆపాను. విసుక్కోకుండా మార్చారు. మళ్ళీ చదివితే ఎక్కడా ఆపలేదు. ఇందులో ఉన్నది నిజం. నాకు అర్థమయింది కూడా. అందుకే సంతకం పెడుతున్నాను.

(సంతకం)