పాక్ సమాన్ గునపం పీకీసిన పొద్దు

"నాయనమ్మా, కిందటేడు నాన్నకీ పాక్ సమాన్‌కీ ఏటి గొడవ? అమ్మనడిగితే నిన్నడగమంది."

అడుగుతావనే అనుకున్నాను. మీ అమ్మ నా మీదకి తోసీసిందా? సరే, ఇలా కూర్చో. ఫోనులో రికార్డు చేసుకుంటే చేసుకో గాని, దాని మొహం చూస్తూ వినకు, నా మొహం చూడు. బడిలో పిల్లలకీ అదే చెప్పేదాన్ని. ఎస్టేటు చిన్నపిల్లల బడే అనుకో, అయినా బడి బడే గదా.

ముందు షెడ్డు సంగతి తెలియాలి నీకు, లేకపోతే గొడవ అర్థం కాదు. నువ్వు కోలాలంపూర్‌లో ఏసీ గదిలో కూర్చుని మనుషుల్ని పనిలోకి తీసుకుంటావు. వందమంది వస్తారు, నువ్వొకణ్ణి ఏరుకుంటావు. మన బాగన్ దాతుక్‌లో అది తిరగబడింది తల్లీ. ఇక్కడ మనిషే దొరకడు. మనవాళ్ళ పిల్లలు ఎవరున్నారు చెప్పు? ఒకడు క్లాంగ్, ఒకడు సింగపూర్. మిగిలిన నలుగుర్నీ కొబ్బరి పనికి రమ్మంటే, నేనేదో వాళ్ళ అమ్మని తిట్టినట్టు చూస్తారు. తోటలన్నీ పామాయిల్ అయిపోనాయి, దానికి తక్కువ మంది చాలు. కొబ్బరికి అలాగ కాదు. దింపాలి, ఏరాలి, మోయాలి, ఒలవాలి.

మీ నాన్న షెడ్డులో జరిగేది ఒలుపు. కాయకున్న డొక్క తీసీసి లారీకెక్కించాలి. లారీ ఇపో టౌనుకి పోతాది, అక్కడ కొబ్బరిపాలు తీసి పొట్లాల్లో పోసే ఫ్యాక్టరీ ఉంది. నేలలో గునపం పాతుతారు, మొన పైకి. కాయని దాని మీద పొడిచి ఒక్క మెలిక. చూస్తే సుళువే. నువ్వు చేస్తే మొదటి కాయకి మణికట్టు పోతాది, రెండోదానికి అరచెయ్యి చీరుకుపోతాది.

ఆ పని చేసేవాళ్ళు పాక్ సమాన్, అతనితో ముగ్గురు కుర్రాళ్ళు. నలుగురూ జావా నుంచి వచ్చినవాళ్ళు. సమాన్ పెద్దమనిషి, అందుకే అందరూ పాక్ అంటారు, పెద్దాయనా అని. నెరిసిన మీసం, మాట తక్కువ. నన్ను 'చిక్గు' అంటాడు, టీచరమ్మా అని. ఆ నలుగురుంటేనే షెడ్డు. షెడ్డుంటేనే మన అప్పలమ్మ వదినలాంటివాళ్ళు, ఇంటి వెనకాల ముప్పై నలభై చెట్లున్నవాళ్ళు, కాయ అమ్ముకోగలరు. షెడ్డు మూతపడిందంటే అందరి కాయా నది అవతల తౌకే చేతికే పోవాలి. తౌకే అంటే తెలుసు గదా, ఆ పెద్ద కాంట్రాక్టరు. ఆయన అడిగిందే ధర, ఇచ్చిందే రేటు. మనుషులు దొరకని కాలంలో వేరేవాళ్ళ మనుషుల్ని లాక్కోవడం ఆయనకి వ్యాపారం. తప్పని నేను చెప్పను, ఆయనకీ లారీ నిండాలి గదా.

ఇప్పుడు అసలు ముక్క, బాగా విను. మా నాన్న, అంటే మీ నాన్నకి తాత, ఒలుపు మనిషి. ఆ రోజుల్లో రెండు కాయలు పట్టుకెళ్తే ఒక గ్లాసు కాఫీ ఇచ్చేవాడు దుకాణం చైనా ఆయన. ఇప్పుడు? సరే, అది వద్దు. గునపం గురించి గదా చెప్తున్నాను. ఎవరి గునపం వాళ్ళది. ఎవరి తొడ ఎత్తుకి వాళ్ళు పాతుకుంటారు. సాయంత్రం పని దిగినాక దాన్ని నేలలోనే ఒగ్గీసి ఇంటికెళ్ళినాడంటే రేపు వస్తానని. నోటితో చెప్పక్కర్లేదు. పీకి భుజానేసుకున్నాడంటే మరి రాడని. మరి పైవాళ్ళే ఒకణ్ణి తీసెయ్యాలనుకుంటే? కంగాణి, అంటే మేస్త్రీ, పొద్దున్నే వచ్చి వాడి గునపం పీకి పక్కన పారేసేవాడు. అంతే. ఒక్క మాట ఉండేది కాదు. మా నాన్న ఒకసారి వేళకాని వేళ గునపం పట్టుకుని ఇంటికొచ్చినాడు. మా అమ్మ ఏటీ అడగలేదు. పొయ్యి మీదున్న అన్నం కుండ చూసి, అందులో సగం రేపటికని తీసి పక్కన పెట్టింది.

జావావాళ్ళకీ ఇదే పద్ధతి. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో నాకు తెలీదు. అవే తోటల్లో మనవాళ్ళూ వాళ్ళూ పక్కపక్కన ఒలిచినారు, అలాగ పట్టుబడిపోయింది.

మీ నాన్నకి తెలీదు. ఎలాగ తెలుస్తాది? వాడు చదువైపోగానే సుంగై పెటాని వెళ్ళిపోనాడు, ఎలక్ట్రానిక్ ఫ్యాక్టరీకి. అక్కడ కుర్చీ ఎవరిది? ఎవరి షిఫ్టయితే వాళ్ళది. ఒకడు లేస్తే ఇంకొకడు కూర్చుంటాడు, వేడి కూడా ఆరదు. ఆ ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించినప్పుడు వీడు తిరిగొచ్చి ఈ షెడ్డు పెట్టినాడు. కష్టపడతాడు, నా కొడుకని చెప్పడం కాదు. కానీ నేలలో పాతిన ఇనప కర్రకి అర్థముంటాదని వాడికెవరు చెప్పినారు? నేనూ చెప్పలేదు, అవసరం రాలేదు.

ఆ పొద్దు… హరి రాయా, అదే రంజాన్ పండగ, దగ్గర పడింది. ఊరూరా రెండాంగ్ మాంసం కూర వండుతారు, కొబ్బరిపాలు ఎంతైనా చాలవు. ఫ్యాక్టరీ మనిషి ముందే చెప్పినాడు, మధ్యాహ్నానికి లారీ నిండాలి, లేకపోతే వచ్చే వారం నుంచి లారీ నేరుగా నది అవతలకే పోతాదని. మీ నాన్న తెల్లారకుండానే షెడ్డుకి పోయినాడు. నేను వాడికి రొట్టె పట్టుకుని వెళ్ళేసరికి ఒక్కడే నిలబడున్నాడు, కాయ కొండలాగుంది. నలుగురిలో ఒక్కడూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తడం లేదు.

అంతలో మోటారుసైకిల్ మీద పోతున్న ఎవరో కుర్రాడు ఆగి, "అంకుల్, తౌకే పికప్ వాళ్ళ కొంగ్సి ముందరుంది" అనీసి పోయినాడు. కొంగ్సి అంటే వాళ్ళు కలిసుండే రేకుల ఇల్లు, కాలవ గట్టు మీద. మీ నాన్న మొహం చూడాలి తల్లీ. రక్తం దిగిపోయింది.

"అమ్మా, అయిపోయింది. కొనీసినాడు వాళ్ళని."

"ఒరే సత్యం, గునపాలు చూడరా. నాలుగూ నిలబడే ఉన్నాయి. వస్తారు" అన్నాను.

"గునపాలేం చేసుకోనమ్మా? మనుషులేరీ?"

అనడమూ వెళ్ళి మొదటిది ఊపి పీకడమూ ఒక్కసారే. "ఒరే ఆగు, ఆగరా" అంటున్నాను, రెండోది పీకీసినాడు. నాలుగూ పీకి డొక్కల గుట్ట మీదకి విసిరినాడు. మన గుమ్మంలో మనిషిని మెడపట్టి గెంటినట్టనిపించింది నాకు. చెప్పబోతే వింటున్నాడా? ఫోను చెవికి పెట్టుకుని అప్పలమ్మ వదినని పిలుస్తున్నాడు, ఆమె మరిదిని పిలుస్తున్నాడు. "మనవాళ్ళతోనే ఒలిపిస్తాను, వాళ్ళ మీద ఎన్నాళ్ళు బతకాలి?"

వచ్చినారు పాపం. వాళ్ళ కాయ కూడా ఆ కాయల కొండలో ఉంది గదా. అప్పలమ్మ వదిన పొట్టి, మీ నాన్న కొలత చూడకుండా ఇంకో చోట పాతిన గునపం ఆమె గుండెల దగ్గరకొచ్చింది. "సత్యం, ఇది ఒలవడానికా, నన్ను పొడుచుకోమనా?" అంది. నవ్వినాం. తగ్గించి పాతినాడు. ఆమె మరిది పది కాయలు ఒలిచేసరికి బొటనవేలి గోరు లేచిపోయింది. తరవాత ఎవరూ నవ్వలేదు.

అప్పుడొచ్చినాయి మోటారుసైకిళ్ళు.

పాక్ సమాన్ ముందర. ఇంజను ఆపినాడు. దిగలేదు. తన చోటు చూసినాడు, అక్కడ గొయ్యి ఉంది. అప్పలమ్మ వదిన చేతి కింద ఉన్న గునపం చూసినాడు, అది అతనిదే. వదినకి వెంటనే అర్థమైంది, ఆమె కూడా ఎస్టేటు కూలీల లైను ఇంట్లో పుట్టిందే గదా. కాయ అలాగే పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగింది.

మాట్లాడింది అందరికంటే చిన్నవాడు, ఉదిన్. వాడికి కోపం ఆగదు. మలాయిలో గబగబా మీ నాన్న మీద పడ్డాడు. "తౌకే చీకట్లోనే వచ్చి కూర్చున్నాడు. ఫ్యానున్న గది ఇస్తానన్నాడు, ఒక్కొక్కడికి కొత్త బండి ఇస్తానన్నాడు. మేం ముగ్గురం పోదామన్నాం. పాక్ ఒప్పుకోలేదు. నా గునపం అక్కడ నేలలో ఉంది, నేనెలా వస్తానన్నాడు. ఇప్పటిదాకా మాతో కొట్లాడి, ఫోనులు లాక్కుని, తీసుకొచ్చినాడు. దేనికి? ఇది చూడ్డానికా?"

మీ నాన్న చేతిలో కాయ కింద పెట్టీసినాడు.

సమాన్ దిగి వచ్చి నేలలోని గునపం తీసుకున్నాడు. కోపంగా కాదు. అదే నన్ను భయపెట్టింది. మట్టి తువ్వాలుతో తుడిచి, బండికి పక్కన రబ్బరు పట్టీతో కట్టడం మొదలెట్టినాడు. నేను దగ్గరికెళ్ళి, "పాక్, కూర్చో, ఒక్క నిమిషం" అన్నాను.

"తాపాలా, చిక్గు" అన్నాడు. పర్లేదులే టీచరమ్మా, అని. మనిషి పర్లేదంటే పర్లేదని కాదు, నీకు తెలుసు గదా.

నేను మీ నాన్న వైపు తిరిగి తెలుగులోనే చెప్పినాను, వాళ్ళ ముందర వాడు చిన్నబోకూడదని. "పీకినవాడే పాతాలి. అందరూ చూస్తుండగా, అతని ఎత్తుకి. అది తప్ప దారి లేదు. నోటితో సారీ చెప్పినా అతనికి వినపడదు."

"అమ్మా, పనిచ్చేవాణ్ణి నేను. నేను వంగితే రేపట్నుంచి నెత్తినెక్కుతారు."

"వంగకపోతే రేపు లేదురా."

అప్పుడే లారీ వచ్చింది, వేళకంటే ముందే. డ్రైవరు కిటికీలోంచి బుర్ర పెట్టి ఒలిచిన కాయ చూసినాడు, ఇంతే ఉంది, చేటలో పోసినట్టు. "సత్యం, ఇవి లారీకా, పూజకా? నన్ను నది అవతలకి పొమ్మంటావా?" అని నవ్వినాడు. అప్పుడు సమాన్ బండికి కడుతున్న గునపం చూసినాడు. వాడి నవ్వు సగంలో ఆగిపోయింది.

నేను బడి పద్ధతే పాటించినాను. జవాబు తెలిసీ సిగ్గుపడే పిల్లవాణ్ణి రెండోసారి అడగకూడదు, అడిగితే ఏడుస్తాడు లేకపోతే ఎదురు తిరుగుతాడు. నిలబడి చూడాలి. డొక్కల గుట్టకి ఆనుకున్నాను. సమాన్ ఆఖరి ముడి వేస్తున్నాడు.

మీ నాన్న కదిలినాడు. బండి దగ్గరికెళ్ళి ఆ ముడి మీద చెయ్యి పెట్టినాడు. సమాన్ ఆపలేదు, సాయమూ చెయ్యలేదు, చేతులు తీసీసినాడంతే. మీ నాన్న విప్పినాడు. గునపం పట్టుకుని అతని పక్కన నిలబడి, అరచేత్తో అతని తొడ ఎత్తు కొలుచుకున్నాడు, దర్జీలాగ. వెళ్ళి గొయ్యిలో దింపి, మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ మట్టి రాయితో దట్టించినాడు.

సమాన్ వచ్చి చేత్తో ఊపినాడు. ఊగింది.

మీ నాన్న మళ్ళీ పీకి, గొయ్యి ఇంకా లోతు చేసి మళ్ళీ పాతినాడు. చెమట కళ్ళలోకి పోతోంది, తుడుచుకోలేదు. డ్రైవరు ఇంజను ఆపీసినాడు. ఈసారి ఊగలేదు. సమాన్ ఒక కాయ తీసుకుని పొడిచి, మెలిక తిప్పి, డొక్క ఒక పక్క, కాయ ఒక పక్క పడేసినాడు. అమ్మయ్య, అనుకున్నాను తల్లీ. ఇద్దరు కుర్రాళ్ళు తమవి తెచ్చి వాళ్ళే పాతుకున్నారు.

ఉదిన్ మాత్రం గుట్ట ఎక్కి తనది తీసుకుని బండెక్కినాడు. "ఉదిన్, ఆగు, నీది కూడా నేనే పాతుతాను" అని మీ నాన్న రోడ్డు దాకా పరిగెత్తినాడు. వాడు వెనక్కి చూడలేదు. నలుగురిలో వాడి చెయ్యే గట్టి చెయ్యి. సమాన్ చూసినాడు గాని పిలవలేదు.

మరి లారీ? నిండలేదు. సమాన్ ఆ రోజు ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఒలిచినాడు, డ్రైవరు కూడా దిగి కాయ మోసినాడు, అయినా నిండలేదు. ఫ్యాక్టరీవాళ్ళు సగం కాయ మన దగ్గర, సగం తౌకే దగ్గర తీసుకుంటున్నారు అప్పట్నుంచి. మీ అమ్మేమో సగం మిగిలిందంటాది. మీ నాన్న సగం పోయిందంటాడు. అందుకే ఆ మాటెత్తితే ఇంట్లో ఇద్దరికీ పడదు, నీకు చెప్పలేదు.

మొన్న చేపల బజారులో ఉదిన్ కనపడ్డాడు. నాకు దణ్ణం పెట్టినాడు. మీ నాన్నే వాడి దగ్గరికెళ్ళి, "ఎలాగున్నావు?" అన్నాడు. ఉదిన్ చేప తూయించుకుని తల దించుకుని వెళ్ళిపోనాడు. ఇదిగో, ఈ మాట మీ అమ్మకి కూడా తెలీదు, షెడ్డులో ఆ నాలుగో చోటు మీ నాన్న ఖాళీగానే ఒగ్గీసినాడు. కొత్తవాడొకడు వచ్చినా అక్కడ నిలబడనివ్వలేదు, ఇంకో మూల చూపించినాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెప్పడు కూడా.

అదిగో, మీ నాన్న బండి చప్పుడే. నువ్వేటీ అడగకు వాణ్ణి. అన్నం పెట్టు, పక్కన కూర్చో. రేపు నీ ఆఫీసుకి నువ్వు వెళ్ళిపోతావు గదా… ఇలా రా, తల వంచు. చల్లగా ఉండు తల్లీ. నీ దగ్గర పనికొచ్చేవాళ్ళు పొద్దున్నే ఇల్లు కదిలేటప్పుడు వాళ్ళ కాళ్ళు బరువుగా ఉండకూడదు, అలాంటి మనిషివి అవ్వు. ఇంక ఆ ఫోను ఆపు, వాడు కాళ్ళు కడుక్కుంటున్నాడు…