ఎఫ్ టూ మీట

చిన్న తోడల్లుడి మీద పెద్దాయన కోపం ఈనాటిది కాదు. ఇవాళ దానికి గట్టి కారణం దొరికింది. ఇద్దరూ కలిసి నడిపే ప్రెస్సులో, కంప్యూటరు ముందు ఇద్దరే ఉన్నారు.

"నా కీబోర్డు మీద చెయ్యెందుకు వేశావు?"

"మీ మంచికే అన్నయ్యగారూ. ఎఫ్ టూ నొక్కితే నేను పెట్టిన చిన్న ప్రోగ్రాం నడిచి, పుస్తకంలోని అక్షరాలన్నిటినీ బొమ్మలుగా మార్చి సేవ్ చేసేస్తుంది. అచ్చుకు పంపేముందు గంట పని తప్పుతుంది."

"ఇరవై ఏళ్లుగా పేరా అవగానే నా వేలు ఎఫ్ టూ మీదకే పోతుంది, సేవ్ చెయ్యడానికి. ఇవాళా అలాగే నొక్కాను. ఆ సంగతి నీకు తెలీదూ?"

"తెలుసు. అందుకే ఎఫ్ టూ మారిందని స్క్రీను అంచున చీటీ అంటించాను."

"ఇంగ్లీషులో అంటించావు."

"రెండు ముక్కలేగా."

"నా చదువు ఐదో తరగతితో ఆగిందని మామగారింట్లో అందరి ముందూ నవ్వింది నువ్వే. చీటీ రాసేటప్పుడు మాత్రం మర్చిపోయావా?"

"గోరంతను కొండంత చేయకండి. పాత కాపీ తీసుకోండి."

"సేవ్ అవగానే దాని మీద కూడా ఇదే ఎక్కింది. ఆ ఏర్పాటూ నీదే."

చిన్నవాడు అప్పుడు తెర వైపు వంగాడు.

"ఇప్పుడు చూస్తావేం, చేతులు కాలాక? రచయిత రేపు పొద్దున దిద్దుబాట్లతో వస్తాడు. అన్నీ బొమ్మలైపోయాక మాట మారుద్దామంటే మాటేదీ?"

"ప్రూఫు కాగితాలున్నాయిగా. మళ్లీ కొట్టుకోండి."

ఆయన చీటీ పీకి, తోడల్లుడి చొక్కా జేబు మీద అతికించాడు.

"కొడతాను. నువ్వు పక్కన కూర్చుని పైకి చదువు. చదువుకున్నవాడివి కదా. నాలుగు నెలల పని, మూడు వందల పన్నెండు పేజీలు."