ద్వీపాన్ని రేవుకి కట్టేసినవాడు

కాలేజీ గేటుకెదురుగా టీకొట్టు. దాని ముందు రెండు బల్లలు. సోమవారం మధ్యాహ్నం ఆ రెండింటి మీదా ఖాళీ లేదు. అందరి ముక్కులూ ఎండకి కందిపోయున్నాయి, బూట్లలోంచి ఇంకా ఇసక రాలుతోంది. నిన్న రెండు బస్సులు మారి, లాంచీ ఎక్కి, అంతా కలిసి ద్వీపానికి వెళ్లొచ్చారు మరి. లాంచీ దిగిన ప్రతివాళ్ల ఎడమచేతి మీదా రేవులో ఓ ముసలాయన నీలం ముద్ర కొడతాడు. తిరిగి రావడానికి అదే టిక్కెట్టు. సబ్బుకి లొంగదు, మూడు రోజులుంటుంది.

"అంతా బాగుంది గానీ," అన్నాడు నిచ్చెన. పొడుగని వాడికా పేరు. "పొద్దున మాతో లాంచీ ఎక్కిన బాకాగాడు మళ్లీ సాయంత్రం లాంచీలోనే కనపడ్డాడు. మధ్యలో ఎక్కడ చచ్చావురా?"

కోతలు కోస్తాడని బాకా అని పేరు పడ్డవాడు ఎడమచెయ్యి జేబులోకి దోపుకున్నాడు. బల్ల చివర ఉంగరాల జుట్టు పిల్ల టీ ఊదుకుంటోంది. ద్వీపంలో అన్నిటికన్నా అందమైన శంఖం ఏరి తెచ్చిస్తానని ఆ పిల్లతో శనివారం నాడే గొప్పగా చెప్పాడు. ఇప్పుడు నిజం తెలిస్తే ఆ కళ్లు ఇంకెప్పుడైనా తనవైపు చూస్తాయా?

"ఎక్కడికి పోతాను? మీరు మోకాళ్లలోతు నీళ్లలో కేకలేస్తుంటే నేను ద్వీపం వెనక్కి నడిచాను. ఊరికే, గాలికి. అక్కడో పడవ ఇసకలో కూరుకుపోయింది, పాపం జాలరి ఒక్కడే తోస్తున్నాడు. నేనూ ఓ చెయ్యి వేశా. జారిపోయింది."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అంది టీకొట్టు అక్క, గ్లాసులు కడుగుతూ.

అక్కడితో ఆపితే పోయేది. కానీ ఉంగరాల జుట్టు కదిలింది, ఆ పిల్ల తలెత్తి చూసింది. ఆ చూపు తగిలాక బాకా ఆగుతాడా?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? జారిన పడవ ఆగితేనా! నా తోపుకి అలల మీద దూసుకుపోయి, అల్లంత దూరాన దీపస్తంభాన్ని చుట్టి, మళ్లీ నా కాళ్ల దగ్గరికే వచ్చింది. జాలరి దిగి దండం పెట్టి, 'బాబూ, ఇంకోసారి తోయకు, ఇంట్లో పిల్లలున్నారు' అన్నాడు."

అందరూ ఘొల్లుమన్నారు. బాకా కుడిచేత్తోనే గాలిలో పడవలు తోస్తున్నాడు. ఎడమచెయ్యి మాత్రం జేబు దాటలేదు.

"నవ్వండి, నవ్వండి. తోసేటప్పుడు కాలు గట్టిగా తన్నిపెట్టా కదా, అడుగున ఏదో పుటుక్కుమంది. చూద్దును కదా, ద్వీపం కదులుతోంది!"

"ద్వీపమే?"

"ద్వీపమే! చెట్లూ, మీరూ, మీ తువ్వాళ్లూ అన్నీ కలిపి. మీకెలా తెలుస్తుంది, దాని మీదే ఉంటిరి! నేను జాలరి మోకు నడుముకి బిగించి సముద్రంలో దూకి లాగడం మొదలెట్టా. మధ్యలో తిమింగలమొకటి వచ్చి, 'ఓ చెయ్యి వెయ్యనా అన్నా' అన్నట్టు చూస్తే, 'వద్దమ్మా, నీ దారిన నువ్వెళ్లు' అన్నా. ఎక్కడి ద్వీపాన్ని అక్కడికి లాక్కొచ్చి రేవు గుంజకి కట్టేశా. అయిదున్నర లాంచీ రేవు తప్పకుండా వచ్చిందంటే ఎవరి చలవనుకున్నారు?"

"అంత లాగిన చెయ్యి ఏదీ, చూపించు," అన్నాడు నిచ్చెన. "అది కాదురా. జేబులోది."

బయటికొచ్చింది. కడిగిన ముత్యంలా ఉంది. ముద్ర లేదు.

"ఉప్పునీళ్లకి..."

"నేను మూడు గంటలు ఆ నీళ్లలోనే నానాను. నాది పోలేదే!" అన్నాడు నిచ్చెన, తన నీలం ముద్ర చూపిస్తూ.

అప్పుడు ఉంగరాల జుట్టు పిల్ల గ్లాసు కింద పెట్టింది.

"అసలు దిగితే కదా ముద్ర! పదకొండు గంటల లాంచీలో కుడివైపు కిటికీ. ఆ తర్వాతి దాంట్లోనూ అదే కిటికీ. అయిదుసార్లు వచ్చాడు, అయిదుసార్లు పోయాడు. లాంచీకీ రేవుకీ మధ్య వేసే పలక ఉంది చూడండి, దాని మీద ఓ కాలు పెట్టడం, కింద నీళ్లు చూడడం, వెనక్కెళ్లి కూర్చోడం."

నవ్వులకి బల్లలు ఊగిపోయాయి. బాకాకి నిజంగానే సముద్రంలో దూకెయ్యాలనిపించింది.

"అది సరే గానీ అమ్మాయీ," అంది అక్క, తాపీగా. "అందరూ నీళ్లలో ఆడుకుంటుంటే నువ్వు రేవులో నిలబడి లాంచీలెందుకు లెక్కపెట్టావు?"

నవ్వు అటు తిరిగింది. ఆ పిల్ల చెవులు ముద్దమందారాలైపోయాయి.

"శంఖం తెస్తానన్నాడుగా," అని గొణిగి, సంచిలోంచి బొటనవేలంత శంఖం తీసి బాకా ముందు పెట్టింది. "చూసి చూసి నేనే ఏరుకున్నా. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్దాం. ముందు నేను దిగి చెయ్యందిస్తా. ఇంతకీ ఆ పలక ఎంత పొడుగుంటుందేం?"

బాకా నోరు అలవాటు కొద్దీ నూరడుగులనడానికి తెరుచుకుంది. ఆ కళ్లలోకి చూసి మళ్లీ మూసుకుంది.

"నాలుగడుగులు," అన్నాడు చిన్నగా. "కింద లోతు మాత్రం చాలా ఉంది."

ఆ మాటని మాత్రం ఎవరూ కాదనలేదు.