క్లెమ్ కోసం కాచిన లైటు బీరు

ఏంటి నాయనా, దుప్పట్ల అలమరలో ఆ బకెట్టేంటి? బీరా? వేడినీళ్ళ ట్యాంకు పక్కనైతే బాగా పొంగుతుందనా? మీ హొరేస్ తాతయ్యా అచ్చం ఇంతే. నా దుప్పట్లన్నీ ఈస్టు కంపు కొట్టేవి. ప్రార్థనకెళ్తే పాస్టరుగారు నా పక్కకొచ్చి ముక్కు ఎగబీల్చేవాడు, తాగొచ్చాననుకున్నాడో ఏమో. సరే, నీకెందుకు పట్టిందో గానీ ఈ పిచ్చి, మీ తాతయ్యకెందుకు పట్టిందో చెప్తా, కూర్చో.

క్లెమ్ అని, గొలుసుల కార్ఖానాలో ఆయన పక్క కొలిమి మనిషి. ప్రాణస్నేహితుడులే. అతనికి గుండెజబ్బొచ్చింది. తాగితే పలచనిది ఏదో ఒకటీ అరా, అంతకుమించి వద్దన్నాడు డాక్టరు. ఇంకేం, పబ్బుకి రావడం మానేశాడు. మన డడ్లీ ఊళ్ళో సంగతి తెలుసుగా, నలుగురు కూర్చుంటే తలా ఓ వంతు అందరికీ కొనాలి, అందరితో సమానంగా తాగాలి. వంతు అందుకోలేనివాడికి ఆ బల్ల దగ్గర మొహం చెల్లదు. ఇంట్లో గోడ చూస్తూ కూర్చునేవాడు పాపం. వాళ్ళావిడ ఎల్సీ వచ్చి ఏడ్చేది, "గుండె కాదు వదినా, ఈ ఒంటరితనమే మనిషిని తినేస్తోంది" అని.

మీ తాతయ్య ఏం చేశాడనుకున్నావ్? తిన్నగా వెళ్ళి, "ఒరేయ్ క్లెమ్, నా లివరు పాడైందట్రా. గట్టి బీరు ముట్టొద్దన్నాడు డాక్టరు. ఇంట్లోనే పలచగా కాచుకుంటా, ఒక్కణ్ణే తాగలేను, తోడు రారా" అన్నాడు. లివరూ గివరూ అంతా ఉత్తదే. దున్నపోతులా ఉన్నాడు మనిషి.

మొదటిసారి బార్లీ మరీ తగ్గించేశాడు. అవి గిన్నెలు కడిగిన నీళ్ళే అనుకో. ఒకడు "బాగుందిరా" అంటాడు, రెండోవాడు "భలే ఉంది" అంటాడు, ఇద్దరి మొహాలూ చూడాలి. ఆ తర్వాత ఎవరో చెప్తే బార్లీ నానేసే నీళ్ళు ఇంకాస్త వేడిగా పోశాడు. మత్తు పెరక్కుండానే నోటికి కాస్త చిక్కగా తగిలింది. ఇక ప్రతి ఆదివారం నా వంటింట్లో డామినోల ఆట, అరుపులు.

అసలు తమాషా ఏంటంటే, క్లెమ్ తన గుండె సంగతే మర్చిపోయి ఈయన లివరుకి సేవ మొదలెట్టాడు. "చెల్లెమ్మా, వీడికి వేపుళ్ళు పెట్టకమ్మా" అని నాకు పాఠాలు. ఈయనకి ప్రాణమైన పందితోలు వేపుడు చేతిలోంచి లాగి కుక్కకేసేవాడు. మీ తాతయ్య నోరెత్తితే ఒట్టు. పబ్బుకెళ్తే ఆ మాట క్లెమ్ చెవినపడుతుందని అటు తొంగి కూడా చూళ్ళేదు. నేను నవ్వలేక చచ్చేదాన్ని.

అలా ఏళ్ళు గడిచాయి. చివరికి ఆస్పత్రిలో క్లెమ్ ఈయన చెయ్యి పట్టుకుని, "నేను పోయానని మళ్ళీ గట్టి బీరు మొదలెట్టకురా, నీ లివరు జాగ్రత్త" అన్నాడు. సరేనన్నాడు ఈయన. ఇంకేమంటాడు?

సమాధి చేశాక అందరం పబ్బుకే వెళ్ళాం. పబ్బు ఓనరు అసలు సిసలు గట్టి బీరు నిండుగా పోసి ఈయన ముందు పెట్టాడు. నేను చెవిలో అన్నా, "తాగు మహానుభావా, ఇంకెవరి ముందు నటిస్తావ్?" అని. చూసి చూసి ఆ గ్లాసు పక్కకి జరిపాడు. "నాకు ఒంట్లో బాగోదు కదే, ఎడ్నా" అన్నాడు.

ఊఁ... వాన పడేట్టుంది. తీగ మీద బట్టలు తీసుకురా, పో.